కేసు కొట్టేశారు, మరి కేసు పెట్టినాయన?

మంగళవారం, రాత్రి పది దాటింది.

పొద్దున పిల్లాడికి క్యారేజీ కట్టి కోర్టుకు వెళ్లేసరికే పిలుపు మొదలైంది. రెండు కేసుల్లో సాక్షులు రాలేదు, ఒకదాంట్లో ముద్దాయికి జ్వరమని అబ్సెంట్ పిటిషన్ వేశాను. మధ్యలో కరెంటు పోయింది. లంచ్‌కి కాస్త ముందు, నేను వాదించిన ఎరువుల కొట్టు గుమస్తా కేసులో తీర్పు చదివారు. నేరం రుజువు కాలేదు, విడుదల.

ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. నేను బాబాయ్ అంటాను, ఆయన అమ్మా అంటాడు. బయటికొచ్చాక వేపచెట్టు కింద నిలబడి ఒకటే మాట అడిగాడు. "నన్ను వదిలేశారు, సంతోషమే. మరి నా మీద కేసు పెట్టినాయనకి ఏం లేదా అమ్మా?"

పొద్దుపోయినా నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే.

2021లో కొట్టు యజమాని గల్లాలో లక్షా ఎనభై వేలు పోయాయని ఫిర్యాదు ఇచ్చాడు. అంతకుముందు వారమే ఈయన రావాల్సిన జీతం బాకీ గట్టిగా అడిగాడు. పోలీసులు సెక్షన్ 381 పెట్టారు, పనిచేసే చోట దొంగతనం అన్నమాట. రిమాండు, సబ్ జైలు, బెయిలు, ఆ తర్వాత ప్రతి ఆదివారం స్టేషన్‌కి వెళ్లి సంతకం. కొట్టు చిట్టా తెప్పించి చూసినవాళ్లు లేరు. మేం పట్టుబట్టి కోర్టుకు తెప్పిస్తే, అదే తేదీన అంతే మొత్తం కంపెనీ డిపాజిట్‌కి కట్టినట్టు యజమాని చేతిరాతతోనే పద్దు ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో చూపిస్తే "గుర్తు లేదు" అన్నాడు. దర్యాప్తు చేసిన ఎస్సై గారిని చిట్టా ఎందుకు సీజ్ చేయలేదని అడిగితే "అవసరం అనిపించలేదు" అన్నారు.

ఏడేళ్ల వరకూ శిక్ష పడే కేసుల్లో అరెస్టు అలవాటుగా చేయొద్దని, అవసరం ఏమిటో కాగితం మీద రాయాలని, లేదంటే 41ఏ నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. 381కి గరిష్ఠ శిక్ష ఏడేళ్లే. అయినా ఈయన్ని కొట్టు ముందే, బజారంతా చూస్తుండగా జీపెక్కించారు.

ఆయన ప్రశ్నకి చట్టంలో జవాబు లేకపోలేదు. తప్పుడు కేసు పెట్టడం నేరమే. పాత ఐపీసీలో 211, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 248. మామూలు కేసుల్లో అప్పుడు రెండేళ్ల వరకూ ఉన్న శిక్షను కొత్త చట్టం ఐదేళ్ల వరకూ పెంచింది. కానీ అబద్ధం కోర్టు వ్యవహారంలో జరిగిందంటే మనం నేరుగా వెళ్లి కేసు వేయలేం, కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పనుల ఒత్తిడిలో ఏ కోర్టూ అంత దూరం రావడం నేనింతవరకు చూడలేదు. ఆధారం లేని ఆరోపణ అని మేజిస్ట్రేట్‌కి అనిపిస్తే ఫిర్యాదీ చేత నష్టపరిహారం కట్టించే వీలూ ఉంది. అది ఇప్పించమని కోర్టులో మెమో వేశాం. తీర్పులో "రుజువు కాలేదు" అని రాశారు తప్ప, "ఆధారం లేని ఆరోపణ" అని రాయలేదు.

అకారణంగా అరెస్టు చేయించినందుకు ఇంకో సెక్షన్ ఉంది. అరెస్టులు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీలో 358. దాని కింద ఇప్పించగలిగేది మహా అయితే వెయ్యి రూపాయలు. 2024 జూలై నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్ 399 అయింది, వెయ్యి మాత్రం వెయ్యిగానే ఉంది. చట్టం మొత్తం తిరగరాసినప్పుడు కూడా ఈ అంకె మీద ఎవరి కళ్లూ పడలేదంటే నాకు కోపం వస్తుంది. ఒక మనిషి పరువుకి అదా కట్టిన ధర?

పెద్ద కేసుల్లోనూ ఇదే కథ. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో విద్యార్థిని హత్య జరిగితే, మరుసటి ఏడాది ఒక పేదింటి కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. అతను కాదని ఆ పిల్ల కన్నవాళ్లే మొత్తుకున్నారు. 2010లో విజయవాడ కోర్టులో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలి లక్ష రూపాయలు ఇమ్మంది. వయసంతా జైల్లో పోయాక లక్ష! నంబి నారాయణన్ అంతటి రాకెట్ శాస్త్రవేత్తకే, 1994లో గూఢచారి అని అరెస్టు చేస్తే, సుప్రీంకోర్టు యాభై లక్షలు ఇప్పించేసరికి 2018 వచ్చింది. ఆయన కాబట్టి అన్నేళ్లు నిలబడి కొట్లాడారు. గుమస్తా ఎక్కడ కొట్లాడతాడు?

అయితే ఒకటి. కొట్టేసిన కేసులన్నీ తప్పుడు కేసులు కావు. సాక్షులు ఎదురు తిరగబట్టి, దర్యాప్తు అధ్వానంగా ఉండబట్టి ఓడిపోయిన నిజమైన కేసులు నా బీరువా నిండా ఉన్నాయి. మొగుడు కొడుతున్నాడని వచ్చిన ఆడపిల్లకి "రుజువు కాకపోతే నువ్వే లోపలికెళ్తావ్" అని స్టేషన్‌లో బెదిరించే రోజు రాకూడదు. ఓడిన ప్రతి ఫిర్యాదీనీ శిక్షించమని నేను అడగడం లేదు. తెలిసి తెలిసి అబద్ధం మీద సంతకం పెట్టినవాడు, చూడాల్సిన కాగితం చూడకుండా సంకెళ్లు వేసినవాడు, ఈ ఇద్దరూ తమ పేరు మీద జవాబు చెప్పాలి. ప్రభుత్వ ఖజానా నుంచి పరిహారం ఇచ్చేసి, అధికారి ప్రమోషన్ తీసుకుని వెళ్లిపోతే దాన్ని బాధ్యత అనలేం. లా కమిషన్ 2018లో 277వ నివేదికలో ఇలాంటి అన్యాయపు ప్రాసిక్యూషన్లకి పరిహారం చట్టబద్ధంగా ఉండాలని సిఫార్సు చేసింది. 2023లో పార్లమెంటు కొత్త చట్టాలు చేసినప్పుడు దాన్ని కలుపుకోవాల్సింది.

బాబాయ్ ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చుకున్నాడు. ఎఫ్ఐఆర్ కాపీ, బెయిలు ఆర్డరు, జామీను ఉన్న బావమరిది పట్టాదారు పాస్‌పుస్తకం జిరాక్సు, స్టేషన్ సంతకాల తేదీలు రాసుకున్న చిన్న డైరీ, మడత నలగకుండా అన్నీ వరసగా. ఆ బావమరిది కిరాణా కొట్టులోనే ఇప్పుడు కూర్చుంటున్నాడు. "నేను మెట్టెక్కితే గల్లా తాళం తిప్పే చప్పుడు వినపడుద్ది అమ్మా. ఆడు మంచోడే, చెయ్యి దానంతటదే పోద్ది" అన్నాడు. తీర్పు కాపీ ముప్పై జిరాక్సులు తీయించి బజార్లో కొట్టు కొట్టుకీ పంచుతాడట. పంచమన్నాను.

సివిల్ దావా ఒక దారి మిగిలింది, దురుద్దేశంతో కేసు పెట్టినందుకు పరిహారం కోరుతూ. దురుద్దేశం ఉందని మనమే రుజువు చేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్లు పడుతుంది. అన్నీ దాచకుండా చెప్పాను. చిట్టా మన చేతిలో ఉంది, జీతం బాకీ సంగతి చెప్పడానికి పక్కకొట్టు ఆయన ఒప్పుకున్నాడు, కాబట్టి వేయొచ్చనే నా నమ్మకం. ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. విడుదలైన రోజు నుంచి ఏడాదిలోపే వేయాలి, అంటే గడువు ఇవాళే మొదలైంది. రేపు పొద్దున్నే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ వేస్తాను.