ఫ్లష్ సరిగ్గా పడటం లేదా? ముందు సగం బకెట్ నీళ్ళు పోసి చూడండి

ఫ్లష్ నొక్కితే మునుపటి ఊపు రాదు. రెండోసారి నొక్కుదామంటే ట్యాంకు నిండి ఉండదు. ఇంటిల్లిపాదికీ పొద్దున్నే ఇదే తంటా. ఇలాంటప్పుడు కమోడ్ మార్చాలనో, టైల్స్ పగలగొట్టి పైపు చూడాలనో ఎవరైనా చెబితే ఒప్పుకోకముందే ఒక్క పని చేయండి. సగం బకెట్, అంటే ఏడెనిమిది లీటర్ల నీళ్ళు తీసుకుని అడుగున్నర ఎత్తు నుంచి కమోడ్ నడిమధ్యకు మూడు నాలుగు సెకన్లలో గుమ్మరించండి.

నీళ్ళు గబుక్కున లాక్కుపోతే కమోడ్, కింది పైపు, సెప్టిక్ ట్యాంకు అన్నీ బాగున్నట్టే. లోపం ఫ్లష్ ట్యాంకులో ఉంది, లేదా ట్యాంకు నుంచి కమోడ్ అంచు కింది చిల్లుల దాకా నీళ్ళు వచ్చే దారిలో ఉంది. అలా కాక నీళ్ళు పైకి లేచి మెల్లగా దిగితే అడ్డం కింద ఉంది. అప్పుడు ఇంకోసారి ఫ్లష్ నొక్కవద్దు, పొంగి బయటికి వస్తుంది.

మా కడప, కర్నూలు, అనంతపురం వైపు ఈ పరీక్షలో ఎక్కువ ఇళ్ళు మొదటి రకంలోనే తేలతాయి. కారణం బోరు నీళ్ళు. సున్నపురాతి నేలలో ఊరిన నీళ్ళలో సున్నం కరిగి ఉంటుంది. బెలుం గుహల్లో పైనుంచి వేలాడే ఊడలు ఏ పదార్థమో, మన ఫ్లష్ ట్యాంకులో తెల్లగా గార కట్టేదీ అదే, కాల్షియం కార్బొనేట్. ఇది బాల్ వాల్వు సన్న చిల్లిలో, సైఫన్ అడుగు వాషరు మీద, కమోడ్ అంచు చిల్లుల్లో కూర్చుంటుంది. ఈ మూడు చోట్లా చూస్తే చాలావరకు పని తెములుతుంది.

ముందు ట్యాంకు మూత తీయాలి. చాలా మోడళ్ళలో బొత్తాం చుట్టూ ఉన్న రింగును ఎడమకు తిప్పితే వదులవుతుంది. మూత పింగాణీది అయితే చేతులు తుడుచుకుని ఎత్తండి, తడి చేతిలో జారి పగిలితే ఆ మోడల్‌కు మూత ఒక్కటే దొరకడం కష్టం. లోపల ఉండేవి రెండే: నీళ్ళు నింపే బాల్ వాల్వు, నీళ్ళు వదిలే సైఫన్. సైఫన్ మధ్యలో నిలబడిన గొట్టమే ఓవర్‌ఫ్లో. నీటి మట్టం ఆ గొట్టం నోటికి ఒక అంగుళం కింద ఆగాలి. అంతకంటే తక్కువలో ఆగిపోతే ఊపు రాదు. బాల్ వాల్వు పక్కనున్న ప్లాస్టిక్ స్క్రూ తిప్పి మట్టం పెంచుకోవచ్చు.

మట్టం సరిగ్గానే ఉంటే మూత తీసి ఉంచే ఫుల్ ఫ్లష్ ఇచ్చి చూడండి. ట్యాంకు నాలుగైదు సెకన్లలో ఖాళీ కావాలి. నింపాదిగా దిగుతుంటే రెండు సంగతుల్లో ఒకటి. బొత్తాం కింది కడ్డీ పొట్టిదై సైఫన్ పూర్తిగా లేవడం లేదు, దాన్ని తిప్పి రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగు చేయండి. లేదా అంచు చిల్లులు పూడుకుపోయాయి. ఆ కడ్డీని మరీ పొడుగు చేస్తే సైఫన్ ఎప్పుడూ కొంచెం లేచే ఉండి నీళ్ళు కారిపోతుంటాయి, అది గుర్తుంచుకోండి.

అంచు చిల్లుల్ని చూడాలంటే చిన్న అద్దం అంచు కింద పట్టి ఫోన్ లైటు వేయండి. తెల్లగానో పసుప్పచ్చగానో మూసుకుపోయిన చిల్లులు కనబడతాయి. చీపురు పుల్లతో ఒక్కో చిల్లినీ పొడవండి. ఇనుప తీగ వద్దు, పింగాణీ నునుపు పోతే ఆ గరుకు మీద గార ఇంకా తొందరగా పడుతుంది. తర్వాత కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 100 గ్రాములు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలపండి. యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్ళు ఇచ్చే గోడ కుళాయి) కట్టేసి, ఆ నీళ్ళను ఓవర్‌ఫ్లో గొట్టంలోకి సన్నటి ధారగా పోయండి. ఆ గొట్టం నేరుగా కమోడ్ అంచులోకే దారి తీస్తుంది కాబట్టి మందు చిల్లుల వెనక దాకా చేరుతుంది. బయట వైపు, అదే నీళ్ళలో తడిపిన టిష్యూ కాగితాలను అంచు కింద దోపి రెండు మూడు గంటలు వదిలేయండి. గార బుసబుసమంటూ నురగ కడితే పని చేస్తున్నట్టు. ఏళ్ళ తరబడి కట్టిన గార ఒక్కసారికి పోదు, మర్నాడు మళ్ళీ చేయాలి. సలసల కాగే నీళ్ళు మాత్రం పోయవద్దు, పింగాణీ చిట్లుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెబుతాను. నిమ్మ ఉప్పు గానీ, బాత్రూం యాసిడ్ గానీ వేసినరోజు బ్లీచింగ్ పౌడర్ ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండోది మన బండల గురించి. కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు అన్నీ సున్నపురాళ్ళే. యాసిడ్ చుక్క పడితే గారతో పాటు బండ కూడా కరుగుతుంది, పాలిష్ పోయి తెల్లమచ్చ మిగులుతుంది. పనికి ముందు బండల మీద నీళ్ళు పోసి తడి గోనె పరచండి. ట్యాంకులో బాత్రూం యాసిడ్ అసలు పోయకండి, లోపలి రబ్బరూ ఇత్తడీ పాడవుతాయి.

ట్యాంకు నిండడమే ఆలస్యమైతే దారి వేరు. ఆరు లీటర్లు నిండడానికి రెండు మూడు నిమిషాలు చాలు. ఐదు దాటితే యాంగిల్ కాక్ కట్టి, కనెక్షన్ పైపు విప్పి, బాల్ వాల్వు మొదట్లో ఉండే జల్లెడను బయటికి లాగండి. కొత్త బోరు ఉన్న ఇళ్ళలో అందులో ఇసుక నిండి ఉంటుంది. కడిగి మళ్ళీ పెట్టండి, మూడు నెలలకోసారి ఇదే పని. మిద్దె మీది ట్యాంకు బాత్రూంకు సరిగ్గా పైనే రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే ఒత్తిడి 0.2, 0.3 బార్‌కు మించదు. డయాఫ్రం (పలచని రబ్బరు పొర) ఉన్న వాల్వులు కొన్ని ఇంత తక్కువ ఒత్తిడిలో సరిగ్గా మూసుకోవు. కొనేటప్పుడు తక్కువ ఒత్తిడికి పనికొచ్చేదే కావాలని అడగండి.

కనిపించకుండా నీళ్ళు కారడం ఇంకో బాధ. బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, పావుగంట ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూడండి. కమోడ్‌లో నీలం కనబడితే సైఫన్ అడుగు వాషరు పట్టడం లేదు, లేదా మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం దాటి పోతోంది. సెకనుకు ఒక మిల్లీలీటరు కారినా రోజుకు 86 లీటర్లు, అంటే పద్నాలుగు ఫ్లష్‌ల నీళ్ళు. ఎండాకాలంలో ట్యాంకరు కొనే వీధుల్లో ఇది డబ్బుకు డబ్బు పోవడమే. ఎక్కువ సైఫన్‌లు పావు వంతు ఎడమకు తిప్పితే ఊడివస్తాయి. వాషరును, అది కూర్చునే చోటును నిమ్మ ఉప్పు నీళ్ళలో నానిన గుడ్డతో తుడవండి. వాషరు గట్టిపడి వంగకపోతే మార్చాల్సిందే. పాతదాన్ని చేత పట్టుకునే అంగడికి పోండి, ఒక్కో మోడల్‌కు ఒక్కో కొలత.

పాత కమోడ్‌కు కొత్త ట్యాంకు తగిలించిన ఇళ్ళలో ఏం శుభ్రం చేసినా ఊపు రాకపోవచ్చు. పది లీటర్ల లెక్కన చేసిన కమోడ్‌కు 3, 6 లీటర్ల డ్యూయల్ ఫ్లష్ ట్యాంకు చాలదు. అప్పుడు పెద్ద ట్యాంకు పెట్టడమే మందు.

ఇక బకెట్ నీళ్ళు పైకి లేచిన సంగతి. ప్లంజర్ (కర్రకు రబ్బరు గిన్నె ఉండేది) కమోడ్ నోట్లో సరిపోయేట్టు అడుగున మడత ఉన్నది తీసుకోండి, రబ్బరు పూర్తిగా నీళ్ళలో మునగాలి. మొదటి నొక్కు మెల్లగా నొక్కి లోపలి గాలి పోనిచ్చి, తర్వాత ఇరవై సార్లు గట్టిగా లాగండి. పని చేసేది నొక్కడం కంటే లాగడమే. ఇనుప కమ్మీ దూర్చవద్దు, ట్రాప్ వంపు (కమోడ్ అడుగున నీళ్ళు నిలిచే మెలిక) పగులుతుంది, ఆ పగులు తర్వాత కింది గోడకు చెమ్మగా తేలుతుంది. కాస్టిక్ సోడా కూడా పోయవద్దు. అడ్డం తొలగకపోతే ఆ మందు నీళ్ళు అక్కడే నిలిచి, తర్వాత చేయి పెట్టేవాళ్ళను కాలుస్తుంది.

ఫ్లష్ చేసినప్పుడు పక్కన నాని ట్రాప్‌లో (బాత్రూం నేల మీది నీళ్ళు పోయే జాలీలో) గుడగుడ శబ్దం వస్తే అడ్డం ఒక్క కమోడ్‌ది కాదు. మిద్దె పైకెక్కి గాలి పైపు నోరు చూడండి, పిట్టగూడో కందిరీగల తుట్టెనో ఉండొచ్చు. అది తెరిచే ఉంటే సెప్టిక్ ట్యాంకు నిండి ఉండొచ్చు, లేదా దానికి పోయే పైపులో అడ్డం ఉండొచ్చు. ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి లారీ పిలిపించి తీయించాలి. మూత తెరిచాక దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు, పిల్లల్ని దూరంగా ఉంచాలి. పైపుతో లాగగలిగినంతే లాగించండి, అడుగున మిగిలిందని మనిషిని దించవద్దు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు మూడు ఊపిరుల్లోనే మనిషిని పడేస్తుంది, కాపాడబోయినవాళ్ళూ అందులోనే పోతున్నారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.