కూరగాయల సంచిలో గసడదవాదేశం

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఈ వేసవిలో మా అపార్ట్‌మెంటు పిల్లలు పదకొండు మంది మళ్ళీ పని కల్పించారు. నాలుగో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే ఈ పిల్లలను మే నెలలో మూడు వారాల పాటు, మేడ మీద వేడి భరించలేక కింద కార్లు నిలిపే చోట, రోజూ సాయంత్రం ముప్పావు గంట కూర్చోబెట్టి వ్యాకరణంలోనూ పదాలలోనూ పోటీలు పెట్టాను. గెలిచిన వారికి బహుమతి తాటిముంజలు. ఓడిన వారికీ అవే, కాకపోతే కాస్త ముదురువి.

మొదటి రోజు నేనే తప్పు చేశాను. పాత అలవాటు కొద్దీ బోర్డు మీద సంధి నిర్వచనం రాసి, సవర్ణదీర్ఘంతో పాఠం మొదలుపెట్టాను. మర్నాడు నలుగురే వచ్చారు. 'కింది పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి' అన్న ప్రశ్న కోసమే ఏడాది పొడవునా వ్యాకరణం చదివిన పిల్లలకు సెలవుల్లోనూ అదే ఎదురైతే ఎవరు మాత్రం వస్తారు?

మూడో రోజు బజారు నుంచి వస్తూ చేతి సంచితోనే వాళ్ళ ముందు కూర్చున్నాను. సంచిలో ఏమున్నాయని అడిగితే అందరూ ఒక్క గొంతుతో కూరగాయలన్నారు. కూర, కాయలు కలిస్తే కూరకాయలు కావాలి గదా, ఈ 'గ' ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఇంట్లో పెద్దలు మాట్లాడేటప్పుడు చెవి పెట్టి విని, ఇలా ఒక అక్షరం వేషం మార్చుకున్న జంటపదాలను పట్టుకు రమ్మన్నాను. మర్నాడు తల్లిదండ్రులు వచ్చారు, అన్నదమ్ములు వచ్చారు, పదాలుగానే లెండి. తండ్రిలో 'త', తమ్ముడిలో 'త' రెండూ 'ద'గా మారాయని పిల్లలే చెప్పారు. అప్పుడు ఆరో తరగతి పిల్ల ఒకతె లేచి, "మరి ఆటపాటలు ఆటవాటలు ఎందుకు కాలేదమ్మమ్మా? రాకపోకలు కూడా మారలేదు" అంది.

నా ఉద్యోగకాలమంతటిలో ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణంలో, ద్వంద్వ సమాసంలో మొదటి పదం మీద వచ్చే క చ ట త పలకు గ స డ ద వలు వస్తాయని సూత్రం ఉందనీ, ఆ సూత్రం కావ్యభాషను ముందుంచుకొని కట్టినదనీ, మన నోటి మాటలో అది కొన్ని జంటలకే గట్టిగా అతుక్కొని మిగిలిందనీ చెప్పాను. 'గసడదవాదేశం' అన్న పేరు ఆ తరువాతే బోర్డు మీద రాశాను. ఆ పేరును ఎవరూ బట్టీ పట్టలేదు గానీ ఎవరూ మరచిపోలేదు కూడా.

అదే సంచిలోని బంగాళాదుంప మరో గంట నడిపింది. ఒకరింట్లో అది ఆలుగడ్డ, అనంతపురం నుంచి సెలవులకు వచ్చిన అబ్బాయికి ఉర్లగడ్డ. ఏది సరైన తెలుగని అడిగారు. మూడూ సరైనవేనని చెప్పి మూడింటికీ మార్కులు వేశాను.

పదాల గొలుసు ఆట మొదట్లో చిక్కు తెచ్చిపెట్టింది. ఒకరు చెప్పిన పదం చివరి అక్షరంతో తరువాతి వారు పదం చెప్పాలంటే, తెలుగులో సగం మాటలు 'లు', 'డు', 'ము'లతో ముగుస్తాయి గనుక ఆట అక్కడే ఆగిపోతుంది. 'లు'తో లుంగీ, లుకలుకలు అయిపోయాక మిగిలేది మౌనమే. అందుచేత గుణింతాన్ని వదిలి హల్లును మాత్రమే పట్టుకోవాలనీ, ఒత్తు ఉంటే తీసేయాలనీ, 'ళ' వస్తే 'ల'తోనూ 'ణ' వస్తే 'న'తోనూ చెప్పవచ్చుననీ నియమాలు పెట్టాను. 'ణ', 'ళ'లతో తెలుగు మాట మొదలు కాదన్న సంగతి ఆ వివాదంలోనే వాళ్ళకు తెలిసింది. ఇంగ్లీషు మాటల మీద పెద్ద తగవు జరిగింది. చివర అచ్చు చేర్చుకొని తెలుగు వేషం కట్టిన మాటను ఒప్పుకుంటానని తీర్పు చెప్పాను: కారు, బస్సు, టిక్కెట్టు చెల్లుతాయి, కార్, బస్, టికెట్ చెల్లవు. తెలుగు మాటలు అజంతాలు, అంటే అచ్చుతో ముగిసేవి, అన్న పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణలు నాకు దొరకలేదు.

ద్విరుక్త టకారానికి, అంటే ఒకే మాట జంటగా వచ్చేటప్పుడు మధ్యలో 'ట్ట' చేరే పద్ధతికి, అరగంట చాలింది. పగలు పట్టపగలు, చివర చిట్టచివర, మొదట మొట్టమొదట, బయలు బట్టబయలు అని నాలుగు చెప్పగానే కిటుకు పట్టేసి, వెట్టవెనుక, సెట్టసెలవులు అంటూ కొత్తవి పుట్టించడం మొదలుపెట్టారు. సూత్రం కొన్ని మాటలకే వర్తిస్తుందని చెప్పి ఆపబోయాను గానీ, సెట్టసెలవులు నాకే నచ్చింది.

అన్నిటికంటె ఎక్కువ కాలం నడిచింది వెనుక నుంచి చదివినా మారని పదాల వేట. వికటకవి అందరికీ తెలిసిందే. కునుకు, పులుపు, మడమ, జలజ, నటన, చివరికి టమాట కూడా దొరికాయి. ముత్యము, ముఖము చూసి ఒక గడుగ్గాయి 'ము'తో మొదలై 'ము'తో ముగిసే మూడక్షరాల మాటలన్నీ చెల్లుతాయని కనిపెట్టి ముదము కూడా తెచ్చాడు. ఇంతలో కంప్యూటరు భాష నేర్చుకుంటున్న ఎనిమిదో తరగతి అబ్బాయి, తాను రాసిన ప్రోగ్రాము మడమనూ జలజనూ నటననూ ఒప్పుకుంటోంది గానీ వికటకవినీ కునుకునూ కాదంటోందని దిగాలుగా వచ్చాడు. కారణం వెతకడానికి ఇద్దరం కలిసి కూర్చున్నాం. మనం 'వి' అని ఒక్క అక్షరంగా చదివేదాన్ని యంత్రం 'వ', గుడి అని రెండుగా దాచుకుంటుంది. తిరగేస్తే గుడి ముందుకు వచ్చి ఆధారం లేకుండా వేలాడుతుంది. గుణింతాలు లేని మడమకు ఆ బాధ లేదు. 'స్త్రీ' మనకు ఒక్క గడిలో ఇమిడే ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి. రెండు రోజులు తంటాలు పడి, గుర్తులను ముందుగా అక్షరాలుగా కూర్చి ఆ తరువాత తిరగేసేలా అతడు ప్రోగ్రామును సవరించాడు. అచ్చు ఎక్కడ ముగుస్తుందో, ఒత్తు దేనికి చెందుతుందో, సున్న ఏ అక్షరంతో పోతుందో ఆ రెండు రోజుల్లో అతడు నన్ను అడిగినన్ని ప్రశ్నలు ఏ వ్యాకరణ తరగతిలోనూ వినలేదు.

జూన్‌లో బడులు తెరిచారు, పోటీలు ఆగాయి. ఒక్క తగవు మాత్రం ఇంకా తేలలేదు. కిటికి అని హ్రస్వంతో రాస్తే అది తిరగేసినా అదే మాట. కిటికీ అని దీర్ఘంతో రాస్తే కాదు. తమ ఇంట్లో దీర్ఘం తీయరని సగం మంది, పుస్తకంలో దీర్ఘమే ఉందని సగం మంది వాదించారు. ఆ రెండు మాటలూ కింద బోర్డు మీద అలాగే ఉన్నాయి, కాపలాదారు కూడా చెరపలేదు.