పరికరం చూస్తుంది సరే, దాన్ని చూసేదెవరు?

ఛాతీలో పేస్‌మేకరో గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీనో పెట్టించుకున్నవాళ్ళ ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "మంచం పక్కన డబ్బా ఇచ్చారుగా, హాస్పిటల్ వాళ్ళు ఇరవైనాలుగు గంటలూ చూస్తూనే ఉంటారు, ఇంక టెన్షన్ ఎందుకు?" చూడరండీ. లోపలున్న పరికరం గుండె కొట్టుకోవడాన్ని ఎప్పుడూ గమనిస్తూనే ఉంటుంది, అది నిజమే. పక్కనున్న మానిటర్ మాత్రం ఎక్కువగా మనం నిద్రపోయాక ఆ సమాచారం తీసుకుని నెట్‌వర్క్ మీదుగా కంపెనీ సర్వర్‌కి పంపుతుంది, అక్కడి నుంచి అది క్లినిక్ స్క్రీన్ మీదికి వస్తే వాళ్ళు డ్యూటీలో ఉన్నప్పుడు చూస్తారు. శనివారం అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే ఆ డబ్బా అంబులెన్స్‌ని పిలవదు, మనమే పిలవాలి.

అలాగని తీసిపారేసేదేం కాదు. 1958లో స్టాక్‌హోమ్‌లో మొదటిసారి మనిషి ఒంట్లో పూర్తిగా అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. ఇప్పటివి ఏళ్ళ తరబడి పనిచేస్తూ, గుండె లయ ఎప్పుడు తప్పింది, ఎంతసేపు తప్పింది, రాత్రిళ్ళు వేగం ఎంతుంది, చివరికి మనిషి రోజుకి ఎంతసేపు కదిలాడు అన్నది కూడా రాసిపెట్టుకుంటాయి. మా నాన్నకి ఉన్నది ఐసీడీ. చెకప్‌లో డాక్టర్ ఎలా ఉన్నారని అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నానండీ" అన్నారు. టెక్నీషియన్ మాట్లాడకుండా స్క్రీన్ ఇటు తిప్పాడు, నడక చూపించే గీతలు కొన్ని వారాలుగా పొట్టివైపోతూ ఉన్నాయి. నాన్న ఫ్యాన్ వైపు చూశారు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఊపిరితిత్తుల్లో నీరు చేరడాన్ని పసిగట్టే పద్ధతి. గుండెలో ఉన్న లీడ్ (పరికరం నుంచి వెళ్ళే సన్నటి వైరు) నుంచి కాలర్ బోన్ కింద ఉన్న పరికరం దాకా మనకి తెలియనంత చిన్న కరెంట్ పంపి, దారిలో ఎంత అడ్డు తగులుతోందో కొలుస్తుంది. గాలి కరెంట్‌ని సరిగా పోనివ్వదు, నీరు పోనిస్తుంది. కాబట్టి గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరేకొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది, చాలాసార్లు ఆయాసం, కాళ్ళ వాపు మొదలవడానికి రోజుల ముందే. అప్పుడే నీరు తగ్గించే మాత్ర డోసు డాక్టర్ మారిస్తే అడ్మిట్ అయ్యే అవసరం రాకపోవచ్చు.

వినడానికి ఎంత బాగుందో, ఆచరణలో అంత తిన్నగా లేదు. న్యుమోనియా వచ్చినా ఆ అంకె పడిపోతుంది, బ్యాటరీ మార్చాక పరికరం చుట్టూ వాపు ఉన్నా పడిపోతుంది. 2011లో వచ్చిన డాట్‌-హెచ్‌ఎఫ్ అనే అధ్యయనంలో ఈ అంకె హద్దు దాటి పడిపోగానే రోగికే వినిపించేలా అలారం పెట్టి చూశారు. తీరా చూస్తే ఆసుపత్రిలో చేరడాలు తగ్గకపోగా పెరిగాయి! ఒంట్లోంచి అలారం మోగితే ఎవరైనా పరిగెత్తరా మరి. అందుకే తర్వాత వచ్చిన కొన్ని పరికరాలు ఈ ఒక్కదాన్నే నమ్ముకోకుండా గుండె శబ్దాలు, ఊపిరి వేగం, రాత్రి గుండె వేగం, కదలిక అన్నీ కలిపి లెక్క కడుతున్నాయి. ఇవి కాక ఊపిరితిత్తుల ధమనిలోనే పెట్టే చిన్న సెన్సర్ ఒకటుంది, కార్డియోమెమ్స్ అని, అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. దానికి బ్యాటరీయే లేదు, ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే బయటి నుంచి వచ్చే రేడియో తరంగాలతో పనిచేసి ఆ ధమనిలో రక్తపోటు ఎంతో చెబుతుంది.

ఏ పరికరమైనా సరే, రిపోర్ట్ చూసే మనిషి లేకపోతే దండగ. డిశ్చార్జ్ రోజు హడావిడిలో డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పి పంపేస్తారు. రిపోర్ట్ ఎవరు చూస్తారు, సెలవు రోజుల్లో సంగతేంటి, అలర్ట్ వస్తే ఫోన్ ఎవరికి వస్తుంది, షాక్ కొడితే మనం ఏం చేయాలి, ఇవన్నీ మీరే గుచ్చి గుచ్చి అడగండి. ఊరెళ్ళేటప్పుడు డబ్బా తీసుకెళ్ళాలా అన్నది కూడా. డాక్టర్ చెప్పి, మీరే బటన్ నొక్కి రిపోర్ట్ పంపితే, పంపామని క్లినిక్‌కి ఫోన్ చేసి ఓ మాట చెప్పండి, లేకపోతే అది మామూలు రిపోర్టుల మధ్య ఉండిపోవచ్చు.