కిలోంపావు

శనివారం. రాత్రి పది దాటింది.

రెండో శనివారం సెలవని పేరే గానీ, పొద్దున్న ఆరింటికే లేచి క్యారేజీ సర్దుకున్నాను. "సెలవు రోజు కూడా మీటింగేనా? టీఏ ఇస్తారా?" అన్నారు మా ఆయన దుప్పట్లోంచి. "ఇవ్వరు. ఎవరూ పెట్టమనలేదు, మేమే పెట్టుకున్నాం" అన్నాను. "మరీ బాగుంది" అని అటు తిరిగి పడుకున్నారు.

నిజం చెప్పాలంటే నేనూ గొణుక్కుంటూనే బయల్దేరాను. మార్గశిరం కదా, మొన్న గురువారం బడి నుంచి వచ్చాక అత్తయ్యని తీసుకుని బురుజుపేట వెళ్ళాను. కనకమహాలక్ష్మి అమ్మవారి లైన్లో రెండు గంటలు నిలబడిన కాళ్ళ నొప్పులు ఇంకా తగ్గలేదు. పైగా సంచిలో ఏడో తరగతి బి సెక్షన్ పేపర్ల కట్ట. నలభై రెండు. మార్కుల ఎంట్రీకి ఇవాళ రాత్రే ఆఖరని వాట్సాప్‌లో నిన్న మూడుసార్లు మెసేజ్ వచ్చింది. మీటింగులో సందు దొరికితే నాలుగు దిద్దుకోవచ్చులే అనుకున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను హాజరైన చాలా మీటింగుల్లో ఆ సందు దొరికింది మరి.

ఇది చుట్టుపక్కల బడుల టీచర్లకి శాఖవాళ్ళు పెట్టే కాంప్లెక్స్ మీటింగు కాదు, ట్రైనింగూ కాదు. విశాఖ, అనకాపల్లి, అల్లూరి జిల్లాల లెక్కల టీచర్లం కొందరం రెండు నెలలకోసారి ఒకచోట కూర్చుంటున్నాం. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడైంది. బదిలీలకీ సీనియారిటీకీ మాత్రం మమ్మల్ని ఉమ్మడి జిల్లాగానే చూస్తున్నారు. అంటే గొడవపడాల్సిన చోట కలిసే ఉన్నాం, మాట్లాడుకోవాల్సిన చోట విడిపోయాం. పాడేరు వైపు నాతో ఒకే బడిలో నాలుగేళ్ళు చేసిన మేడమ్‌ని, ఈ మీటింగులు మొదలయ్యేదాకా, చూసి ఎన్నాళ్ళయిందో. ఇవాళ ఆవిడ చీకటితో ఘాట్ దిగి వచ్చింది. ఒంటి మీద స్వెటర్, చేతిలో కొత్త రాజ్మా గింజల పొట్లం. ద్వారకా బస్టాండ్ నుంచి ఆటోలో వచ్చేసరికి స్వెటర్ తీసి చంకలో పెట్టుకుంది. "మీ ఊళ్ళో చలి ఎప్పుడొస్తుందమ్మా?" అంటే "వచ్చి వెళ్ళిపోయింది, నువ్వు చూసుకోలేదు" అన్నాను.

పదమూడు మందిమి వచ్చాం. మమ్మల్ని కూర్చోబెట్టే మేస్టారు రిటైరై ఆరేళ్ళయింది. మాలో సగం మందికి బీఎడ్‌లో పాఠం చెప్పారు. ఆయన దగ్గర పీపీటీలు ఉండవు. ఇవాళ తెచ్చింది ఒకే ఒక్క కాగితం, దాని జెరాక్సులు.

ఏడో తరగతి పిల్లాడి జవాబు. పేరు, బడి కనబడకుండా పైభాగం మడిచి జెరాక్స్ తీశారు. ప్రశ్న ఇది: ఒక సంచిలో 3/4 కిలో పసుపు ఉంది, ఇంకో సంచిలో 1/2 కిలో ఉంది, రెండూ కలిపితే ఎంత? నాలుగు మార్కులు. పిల్లాడు 3/4 + 1/2 = 4/6 అని రాశాడు. పైవి పైన కూడాడు, కిందవి కింద కూడాడు. ఈ తప్పు చూడని లెక్కల టీచర్ ఉండరు. అయితే దాని కింద గీత గీసి, జవాబు అని రాసి, పక్కన "కిలోంపావు" అన్నాడు.

కిలోంపావు. సరిగ్గా అంతే.

"ఎవరితో మాట్లాడకుండా చీటీ మీద మార్కు వేసి ఇవ్వండి" అన్నారు మేస్టారు. పరీక్ష హాల్లో పిల్లల్లా పక్కవాళ్ళకి కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని రాశాం. చీటీలు విప్పితే సున్నాలు మూడు, ఒకట్లు నాలుగు, రెళ్ళు మూడు, మూడు ఒకటి, నాలుగుకి నాలుగు వేసినవాళ్ళు ఇద్దరు. ఒకే కాగితం, ఒకే సబ్జెక్టు, అందరం పదేళ్ళకి పైబడి పేపర్లు దిద్దినవాళ్ళమే. నేను ఒకటి వేశాను. ఎందుకు వేశానో అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. పాపం, ఏదో రాశాడు కదా అని. అది జాలి మార్కు.

మాకు సిగ్గుగా అనిపించిందని తెలిసిందేమో, 1912లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు చేసిన పని చెప్పారు మేస్టారు. ఒక ఇంగ్లీషు పేపరుని నూటనలభైకి పైగా బడుల టీచర్లకి పంపి నూటికి మార్కులు వేయమంటే, అదే పేపరుకి 64 దగ్గర్నుంచి 98 దాకా వచ్చాయట. "వందేళ్ళ కిందటి జబ్బు, మీతో మొదలవలేదు" అన్నారు.

ఆ తర్వాత అసలు గొడవ. సున్నా వేసిన అనకాపల్లి మేస్టారు చాలా గట్టిగా ఉన్నారు. "4/6 అంటే కిలో కంటే తక్కువ. కిలోంపావు అంటే ఎక్కువ. తను రాసిన రెండూ ఒకదానికొకటి పడవు. కచ్చితంగా పక్కవాడిది చూశాడు." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నాలుగు వేసిన ఆయన "అడిగింది ఎంత అని. చెప్పాడు. ఇంకేం కావాలండీ?" అన్నాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. నా బలహీనతే అది.

పాడేరు మేడమ్ ఇంతసేపూ మాట్లాడలేదు. చివరికి మెల్లగా, "ఆ పిల్లాడు మా బడే. పక్కన ఎవరూ లేరు, ఆ వేళ మొదటి బెంచీలో ఒక్కడే కూర్చున్నాడు" అంది. వాడు వారం వారం తల్లితో సంతకి వెళ్తాడట. తల్లి పసుపు అమ్ముతుంటే డబ్బులు లెక్క చూసేది వాడే. ముప్పావూ అరా కలిస్తే కిలోంపావని వాడికి ఎక్కాల కంటే ముందే వచ్చు. "వాడి దృష్టిలో సంతలో లెక్క వేరు, బడిలో లెక్క వేరు. పైన రాసింది నాకోసం, కింద రాసింది వాడికోసం. రెండూ ఒకటేనని వాడికి నేను ఎప్పుడూ చెప్పలేదు. అది నా తప్పు. మార్కు వాడికి వేశాను."

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనూ ఆ సంతల్లో పసుపు కొన్నదాన్నే. ఆ పిల్లల చేతుల్లోంచి చిల్లర తీసుకున్నదాన్నే. అయినా ఆ కాగితం చూడగానే నా కంటికి 4/6 తప్ప ఇంకేం ఆనలేదు.

అప్పుడు నా సంచిలో కట్ట గుర్తొచ్చింది. పోయినసారి అనుకున్న ప్రకారం మూడు జిల్లాల్లోనూ ఇచ్చింది ఒకే ప్రశ్నే. తీసి చూస్తే మా పిల్లలు చాలామంది క.సా.గు. కట్టి, చక్కగా 5/4 తెచ్చారు. నగరం పక్క బడి, సగం మంది ట్యూషన్లకి వెళ్తారు. కాసేపు గర్వపడబోయాను గానీ మొన్న క్లాసులో జరిగింది ఆపింది. ఈ జవాబు బోర్డు మీద రాసి, "అయిదు బై నాలుగు కిలో అంటే ఎంత? కొట్టుకెళ్ళి ఏమని అడుగుతారు?" అన్నాను. నలభై రెండు మంది నా మొహం చూశారు. ఒకమ్మాయి లేచి చాలా వినయంగా "అయిదు బై నాలుగు కిలో ఇమ్మని అడుగుతాం టీచర్" అంది.

ఈ సంగతి చెప్తే అందరూ నవ్వారు, పాడేరు మేడమ్ మాత్రం నవ్వలేదు. "మీ పిల్లలకి నాలుగుకి నాలుగు, మావాడికి సున్నా. ఎవరికి వచ్చినట్టు?" అంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోకపోతే ఈ ప్రశ్నే పుట్టదు. నా బడిలో నేను, తన బడిలో తను ఎన్ని రికార్డులు రాసుకున్నా సరే.

రికార్డులంటే గుర్తొచ్చింది. ఒక్క పరీక్షతో కాకుండా ఏడాది పొడవునా పిల్లల్ని గమనిస్తూ మార్కులేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన కొత్తలో నాకు చాలా సంబరం. ఎఫ్‌ఏ, అంటే ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, యాభై మార్కుల్లో చిట్టి పరీక్షకి ఇరవై మాత్రమే, మిగతావి పిల్లల భాగస్వామ్యానికి పది, రాతపనికి పది, ప్రాజెక్టుకి పది. కాగితం మీద ఎంత బాగుందో! ఏళ్ళ తరబడి నేను ఆ ముప్పై మార్కులూ ఎలా వేశానో ఈ డైరీకి తప్ప చెప్పను. అప్‌లోడ్ చేసే రాత్రి, టీవీ ముందు కూర్చుని, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది. మాట వినే పిల్లకి తొమ్మిది, అల్లరివాడికి ఏడు. ఆ తర్వాత 2022-23లో ఓఎంఆర్ షీట్లతో సీబీఏ, అంటే తరగతి గది ఆధారిత మూల్యాంకనం అన్నారు. బుడగలు దిద్దడం పిల్లలకి భలే సరదా. కానీ బుడగలో కిలోంపావు ఎక్కడ పడుతుంది?

భోజనాల తర్వాత మేస్టారు ఇంగ్లండు కథ చెప్పారు. ఇది నాకు నచ్చింది కాబట్టి రాసుకుంటున్నాను. 1999లో ఆక్స్‌ఫర్డ్‌షైర్, మెడ్‌వే అనే రెండు ప్రాంతాల విద్యాశాఖలు లండన్ కింగ్స్ కాలేజీవాళ్ళతో కలిశాయి. ఆరు బడులు, మొదట్లో ఇరవై నాలుగు మంది లెక్కల, సైన్సు టీచర్లు. ఇలా చెయ్యండని వాళ్ళకి పట్టిక ఏదీ ఇవ్వలేదట. ఎవరి క్లాసులో వాళ్ళు ఒకటో రెండో మార్పులు చేసి చూడటం, అప్పుడప్పుడూ అందరూ ఒకచోట కూర్చుని ఏం జరిగిందో చెప్పుకోవడం. ప్రశ్న అడిగాక వెంటనే జవాబు అందివ్వకుండా కాసేపు ఊరుకోవడం, నోటుబుక్కులో మార్కు వేయకుండా ఏం సరిచేసుకోవాలో రెండు ముక్కలు రాయడం, అర్థమైందో లేదో పిల్లలే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు పెట్టుకోవడం. ఇవన్నీ అలా నలిగి తేలినవే.

ఊరుకోవడం అన్నిటికంటే కష్టం. నేను ప్రశ్న వేసి రెండు సెకన్లు ఆగలేను, నోరు నాది.

మార్కు బదులు మాట రాయడం పోయినేడు ఒక నెల చేశాను. పిల్లలు మొదట్లో గాభరాపడినా తర్వాత చదవడం మొదలుపెట్టారు. నేను రాసింది చదివారంటే చిన్న విషయం కాదు. అంతకుముందు ఎర్రసిరా అంకె చూసి, పక్కవాడి అంకె చూసి, పుస్తకం మూసేసేవారు. ఈలోపు ఒక తండ్రి బడికొచ్చాడు. చేపల వేట నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, లుంగీ ఇంకా తడిగా ఉంది. నోట్సు తెరిచి, "మేడమ్, ఇందులో ఇంత రాశారు, మా వోడు పాసా ఫెయిలా?" అన్నాడు. నేను ఐదు నిమిషాలు చెప్పాను. మర్యాదగా విని, "అదంతా సరేనండీ, ఎన్నొచ్చాయి?" అన్నాడు. ఆ నెలతో ఆపేశాను. తప్పు ఆయనది కాదు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు, పక్కన ఇంకెవరైనా ఇదే పని చేస్తుంటే అడిగి తెలుసుకునేదాన్నేమో. ఇవాళ ఈ మాట చెప్తే అనకాపల్లి మేస్టారు, "రెండూ రాయండి, మార్కు నాలుగు రోజులాగి చెప్పండి" అన్నారు. సున్నా వేసిన మనిషే! ఆయన ఏడాదిగా అలాగే చేస్తున్నారట. ఎవరిలో ఏముందో చీటీలు చూసి చెప్పలేం.

లేచేముందు వచ్చేసారికి ఏం చేద్దామని కూర్చున్నాం. మళ్ళీ ఒకే ప్రశ్న, మూడు జిల్లాల్లోనూ. ఒక్కొక్కరం ఐదేసి కాగితాలు తేవాలి, బాగా రాసినవి ఏరుకుని తేకూడదు. ప్రశ్న ఏదన్నదాని మీద గంట పట్టింది. నేను సినిమా టికెట్లు అన్నాను, పాడేరు మేడమ్ ఒప్పుకోలేదు. బీచ్‌లో మురీ మిక్చర్ అన్నారొకరు, అదీ పోయింది. చివరికి కొలతల దగ్గర తేలాం. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచం బియ్యంలో మూడు తవ్వలు తీస్తే మిగిలింది ఎన్నో వంతు? కొండ మీద పిల్లలకి కొలతలు ఇళ్ళల్లో ఉంటాయి, మా పిల్లలకి కొత్త. ఈసారి మావాళ్ళు తడబడతారు. తడబడనీ, చూద్దాం.

ఇంటికొచ్చేసరికి ఏడైంది. మద్దిలపాలెం జంక్షన్‌లో ఎప్పటిలాగే ట్రాఫిక్ జామ్. అన్నం తిని మార్కుల ఎంట్రీకి కూర్చుంటే సైటు తిరుగుతూనే ఉంది. తొమ్మిదిన్నరకి తెరుచుకుంది. నలభై రెండు మందివీ ఎక్కించాను. పేపర్ల మీద మాత్రం ఇంకా అంకె వేయలేదు. 5/4 దగ్గర ఆపేసిన ప్రతి పేపరు కింద పెన్సిల్‌తో "కొట్లో ఏమని అడుగుతావు?" అని రాశాను. పదకొండు పేపర్లయ్యాయి, తక్కినవి రేపు.

ఇందాక వంటింట్లో అటక మీద డబ్బాలు దించుతుంటే అత్తయ్య చప్పుడు విని లేచొచ్చారు. వాళ్ళ అమ్మగారి నాటి ఇత్తడి మానిక, తవ్వ, సోల గుడ్డలో మూటకట్టి ఉన్నాయి.

"ఈ వేళప్పుడు అవెందుకే?"

"సోమవారం బడికి పట్టుకెళ్తాను అత్తయ్యా."

మూట విప్పి ఒక్కొక్కటీ కొంగుతో తుడిచి, సోలని మానికలో పెట్టి చూసుకున్నారు. "నలభై మంది వెధవల చేతుల్లో పెడతావా? సొట్టలు పడ్డాయంటే ఊరుకోను" అన్నారు. కాసేపాగి, "గిద్ద కూడా ఉండాలి, పూజ గదిలో చూడు" అని వెళ్ళి పడుకున్నారు.