పాత సీడియాను రేస్ ట్రాక్ ఎక్కించిన వైనం: నా అనుభవం

పాత స్పోర్ట్స్ సెడాన్‌తో ట్రాక్ మీదికి వెళ్లొచ్చానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఇంజన్ పవర్ ఎంత పెంచావని. ఏమీ పెంచలేదు, కంపెనీ ఇచ్చిన 115 హార్స్‌పవరే ఉందంటే వాళ్ల ముఖంలో ఉత్సాహం తగ్గిపోతుంది. అయినా నేను ఒక మాట మీద గట్టిగా నిలబడతాను. పదిహేనేళ్లు దాటిన కారును మరింత వేగంగా పరుగెత్తించడం కంటే ముందు, ఆగమన్నప్పుడు ఆగేలా, ఎండలో వేడెక్కకుండా ఉండేలా, మలుపులో మనం తిప్పిన వైపే తిరిగేలా దాన్ని సిద్ధం చేయాలి. అనంతపురంలోనే ఉంటూ, ఇక్కడి మెకానిక్కులతో, ఇక్కడి లేత్ షాపులతో ఆ పని ఎలా పూర్తిచేశానో ఇలాంటి ఆసక్తి ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా కారు 2008 మోడల్ మిత్సుబిషి సీడియా. మన దేశంలో దీన్ని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ చెన్నై దగ్గరి తిరువళ్లూరు కర్మాగారంలో తయారుచేసి 2006లో మార్కెట్లోకి తెచ్చింది. 1,999 సీసీ పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్లు, కుదుపులను తట్టుకునే సస్పెన్షన్‌లో ముందు స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనుక ఒక్కో చక్రాన్ని పలు కడ్డీలతో పట్టి ఉంచే మల్టీలింక్ అమరిక దీని సరంజామా. 2001లో జపాన్‌లో వచ్చిన లాన్సర్ ఎవల్యూషన్ సెవెన్ అనే వేగవంతమైన కారు కూడా ఈ సీడియా ఆధారంగానే రూపొందింది. ఎవల్యూషన్‌కు ఉన్న టర్బో గానీ, నాలుగు చక్రాల డ్రైవ్ గానీ మన సీడియాకు లేవు. కానీ వెనుక చక్రాలు రోడ్డును వదలకుండా పట్టుకునే తీరులో ఆ బంధుత్వం తెలుస్తుంది. మన దేశపు ర్యాలీల్లో ఈ కారును ఎంతో ఇష్టంగా నడిపారంటే అందుకు ఈ గుణమే కారణమని నా నమ్మకం.

గుంతకల్లులో ఒక రైల్వే ఉద్యోగి దగ్గర ఈ కారు అమ్మకానికి ఉందని తెలిసి, చూడటానికి మా మెకానిక్ భాయ్‌ను వెంట తీసుకెళ్లాను. ఆయన బండిని నడిపి చూడటానికి ముందే స్పార్క్ ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజ్ బిగించి, నాలుగు సిలిండర్లనూ ఒక్కొక్కటిగా పరీక్షించారు. నాలుగింటి రీడింగులూ దాదాపు సమానంగా వచ్చాయి. పాత ఇంజన్‌లో చూడాల్సింది ఆ సమానత్వమే. ఒక సిలిండర్ మాత్రమే బాగా తక్కువ చూపిస్తే రింగులో, వాల్వులో, గాస్కెట్టో దెబ్బతిన్నట్టు. టైర్ల గళ్లు చూస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి, కానీ పక్కగోడ మీద చివరి నాలుగంకెలు 3214. అంటే 2014వ సంవత్సరం 32వ వారంలో తయారైన రబ్బరు. గళ్లు ఎంత లోతుగా ఉన్నా అంత పాత టైరును ట్రాక్ మీదికి తీసుకెళ్లకూడదు. ఆ ఖర్చును బేరంలో తగ్గించుకున్నాం.

చల్లారిన ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసినప్పుడు మాత్రం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మూత అంచు చుట్టూ, లోపల కనిపించినంత మేరా తెల్లటి సున్నపు పొర పేరుకుపోయి ఉంది. నేను వ్యవసాయ మోటార్ల వ్యాపారం చేస్తాను కాబట్టి ఆ తెలుపు నాకు కొత్త కాదు. మా జిల్లా బోరు నీటిలో లవణాలు ఎక్కువ. పైపుల్లో, ఫుట్‌వాల్వుల్లో ఏళ్ల తరబడి పేరుకునేది అదే. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ పోతే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ ఆ పొరే కడుతుంది, వేడి బయటికి పోదు. ఊళ్లో నెమ్మదిగా తిరిగే కారులో ఈ లోపం బయటపడకపోవచ్చు. ట్రాక్ మీద ఇంజన్ పావుగంటపాటు పూర్తి బలంతో తిరిగితే తప్పక బయటపడుతుంది. అందుకే రేడియేటర్‌ను కడిగించడంతో సరిపెట్టకుండా కొత్తది వేయించాను. థర్మోస్టాట్, ప్రెషర్ క్యాప్, గట్టిపడిన హోస్ పైపులు కూడా మార్చి, కూలెంట్‌నూ డిస్టిల్డ్ వాటర్‌నూ సగం సగం కలిపి పోశాం. ఏప్రిల్ మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఏసీ వేసి, ధర్మవరం దాకా వెళ్లొచ్చినా ఇంజన్ వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. కూలింగ్ పరీక్షకు మా ఊరి ఎండను మించిన ప్రయోగశాల మరొకటి అక్కరలేదు.

ఇంజన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్పించాను. బెల్టు దాకా విప్పడమే పెద్ద పని కాబట్టి పంపును తర్వాత చూద్దామని వదిలేయడం దండగ. పాత యజమాని దగ్గర బెల్టు ఎప్పుడు మార్చారన్న రసీదు లేకపోతే అసలు మార్చలేదనే అనుకోవాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు, పదిహేనేళ్లు నిండినందున రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు 25వ ఫారం అవసరమయ్యాయి. కేంద్రం సవరించిన రేట్ల ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ పునరుద్ధరణ రుసుము రూ.5,000 అయింది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టంచేసింది. అందుకే నేను ఇంజన్, బాడీ, సైలెన్సర్, కాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోలేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మనం మామూలుగా తీసుకునే కారు బీమా రేసులకూ, వేగ పరీక్షలకూ వర్తించదని పాలసీ కాగితం మీదే రాసి ఉంటుంది. ట్రాక్ మీద కారుకు ఏం జరిగినా ఖర్చు మనదేనన్న లెక్కతోనే బయల్దేరాలి.

ఇక నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పని బుష్షుల మార్పిడి. పాత కారు మలుపులో ఊగుతోందంటే చాలామంది వెంటనే గట్టి స్ప్రింగులు, షాకబ్జార్బర్లు కొంటారు. కానీ చక్రాలను బండికి కలిపే లోయర్ ఆర్ములను, వెనుక లింకులను పట్టి ఉంచే రబ్బరు బుష్షులు చీలిపోయి ఉంటే ఎంత ఖరీదైన స్ప్రింగు వేసినా చక్రం తన స్థానంలో నిలవదు. మా కారు లోయర్ ఆర్ము విప్పి చేతిలోకి తీసుకున్నప్పుడు బుష్షు మధ్యలోని ఇనుప గొట్టం వేలితో నెడితేనే పక్కకు ఒరిగింది, రబ్బరు నల్లటి పొడిగా రాలి అరచేతికి అంటుకుంది. కొత్త బుష్షులు కొన్ని బెంగళూరు జేసీ రోడ్‌లో, కొన్ని చెన్నై పుదుపేట దుకాణాల్లో దొరికాయి. వాటిని లారీ పనులు చేసే ఒక లేత్ షాపులోని హైడ్రాలిక్ ప్రెస్ మీద ఎక్కించాం.

ఇక్కడ మా భాయ్ చూపిన ఒక మెళకువ రాయకుండా ఉండలేను. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతుంటాయి. ఆ స్థితిలోనే బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి దించగానే ఆర్ములు పైకి లేచి రబ్బరు మెలితిరుగుతుంది. ఆ మెలికతోనే పనిచేస్తూ కొన్నాళ్లకే చీలిపోతుంది. అందుకని ఆయన బోల్టులన్నీ వదులుగా ఉంచి, బండిని నాలుగు చక్రాల మీదా నిలబెట్టి, బరువు పూర్తిగా పడ్డాక కిందికి దూరి ఒక్కొక్కటే టార్క్ రెంచితో బిగించారు. ‘‘భాయ్, ఇంత శ్రమ ఎవరు పడతారు?’’ అని నేనడిగితే, ‘‘సార్, బండి నిలబడే తీరులోనే దాన్ని బిగించాల. లేకుంటే మళ్లీ మీరే వస్తారు నా దగ్గరికి’’ అన్నారు.

బ్రేకుల విషయంలో ఖర్చుకు వెనకాడలేదు. వేగం రెండింతలైతే బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. అంటే 160 కిలోమీటర్ల వేగం నుంచి ఆపడానికి 80 నుంచి ఆపినప్పటికంటే నాలుగు రెట్ల శక్తిని చక్రాలతో పాటు తిరిగే డిస్కులూ, వాటిని నొక్కి ఆపే ప్యాడ్లూ వేడిగా మింగాలి. రోడ్డు మీద అలా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, ట్రాక్ మీద ప్రతి ల్యాపులోనూ అనేకసార్లు జరుగుతుంది. ఆ వేడి ప్యాడ్లను నొక్కే కాలిపర్ల గుండా బ్రేక్ ద్రవానికి చేరుతుంది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకునే రకం. బ్రేక్ ద్రవాలకున్న డాట్-4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు.

ఒక ఆదివారం మా అబ్బాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి పాత ద్రవం తీసేశాను. నేను ‘‘తొక్కు’’ అంటే తొక్కి పట్టుకోవాలి, నేను కాలిపర్ మీద ద్రవం బయటికి వదిలే నిపుల్ బిగించి ‘‘వదులు’’ అన్నాకే వదలాలి. నిపుల్‌కు తగిలించిన పారదర్శక గొట్టంలోంచి మొదట వచ్చినది టీ డికాక్షన్ రంగులో ఉంది. లేత పసుపు రంగులో, బుడగ లేకుండా వచ్చేదాకా నాలుగు చక్రాల దగ్గరా అదే పని చేశాం. ‘‘నాన్నా, పెడల్ రాయిలా అయింది’’ అని వాడు లోపలినుంచి అరిచినప్పుడు ఎంత సంతోషం కలిగిందో! ఎక్కువ వేడికి తట్టుకునే ప్యాడ్లు, కొత్త డిస్కులు, ఉబ్బిన రబ్బరు హోసుల స్థానంలో కొత్తవి వేశాక బ్రేకుల పని పూర్తయింది.

టైర్లు మాత్రం మంచి రోడ్డు టైర్లే, కంపెనీ సూచించిన సైజులోనే కొన్నాను. కొత్తగా నేర్చుకునేవారికి అవే మేలని నా అభిప్రాయం. పట్టు తప్పే ముందు అవి కీచుమంటూ చెబుతాయి, నెమ్మదిగా జారతాయి. అతిగా పట్టే టైర్లు మన తప్పులను దాచిపెట్టి, ఒక్కసారిగా వదిలేస్తాయి.

నేను వెళ్లినది శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్‌కు. దక్షిణాదిలో ఒకప్పుడు షోలవరం విమానాశ్రయపు రన్‌వే మీద జరిగిన రేసులు 1990లో తెరిచిన ఈ 3.7 కిలోమీటర్ల ట్రాక్‌కు మారాయి. కదిరి, మదనపల్లె, చిత్తూరు, రాణిపేట మీదుగా ముందురోజే చేరుకుని రాత్రి బాగా నిద్రపోయాను.

ఉదయం తనిఖీలో బ్యాటరీ బిగింపు, చక్రాల నట్లు, ఆయిల్ కారడం, సీటు బెల్టు, హెల్మెట్ అన్నీ చూశారు. స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, డ్యాష్‌బోర్డులోని సామాన్లన్నీ తీసి బయట పెట్టించారు. మలుపులో దొర్లి పెడల్ కింద ఇరుక్కునే నీళ్ల సీసా ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత జెండాల గురించి వివరించారు. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపైతే ఆ సెషన్ (ట్రాక్ మీద నడిపే ఒక విడత) ఆగిపోయింది, నెమ్మదిగా పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోటికి రావాలి. నీలం చూపితే వెనుక వేగమైన కారు ఉంది. పసుపు, ఎరుపు చారలుంటే రోడ్డు జారుతోంది.

మొదటి సెషన్‌ను కొత్త ప్యాడ్లు డిస్కులకు కుదురుకోవడానికే కేటాయించి, వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోయాను. పక్కన కూర్చున్న శిక్షకుడు చెప్పినదంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. బ్రేకు తిన్నటి రోడ్డు (స్ట్రెయిట్) మీదే పూర్తిచేయాలి, స్టీరింగ్ తిప్పేటప్పటికి కాలు తేలికపడాలి, చూపు బానెట్ మీద కాక మలుపు చివర ఉండాలి. స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ముందు భాగం వంగి, పెడల్ అంతే గట్టిగా నిలిచి, కొత్త బుష్షుల పుణ్యమా అని బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. నెలల తరబడి కారు కింద దూరి చేసిన పనంతా ఆ క్షణంలో నా పాదానికి తెలిసింది.

ప్రతి సెషన్ చివరి ల్యాపును బ్రేకులు దాదాపు వాడకుండా నెమ్మదిగా పూర్తిచేయాలి. పిట్స్‌లోకి వచ్చాక హ్యాండ్ బ్రేక్ వేయకుండా, గేరులో ఉంచి చక్రం కింద అడ్డు పెట్టాలి. కాగిన డిస్కును ప్యాడ్ పట్టుకుని ఉంటే ఆ ఒక్కచోటే వేడి నిలిచిపోతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్ఐ పెట్టిన టైర్లు సెషన్ ముగిసేసరికి 39 చూపించాయి. టైరు అంచున ముందే గీసిన సుద్దగీతలు పక్కగోడ దాకా చెరగలేదు కాబట్టి గాలి అవసరానికి మించి ఉందని తెలిసింది. వేడి మీదే 35కు తగ్గించాక కారు మలుపుల్లో మరింత నిబ్బరంగా తిరిగింది. తిరుగు ప్రయాణానికి ముందు గాలి మళ్లీ నింపుకున్నాను.

ఇంటికి వచ్చాక చక్రాలు విప్పి చూశాం. ప్యాడ్లు సమంగా అరిగాయి, బ్రేక్ ద్రవం మళ్లీ మార్చాం, కూలెంట్ తగ్గలేదు. ఎడమవైపు ముందు టైరు బయటి అంచు మాత్రం మిగతా మూడింటికంటే బాగా అరిగింది. గడియారం ముల్లు తిరిగే దిశలో నడిచే ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ, భారమంతా ఆ చక్రం మీదే పడుతుంది. కంపెనీ అమరికలో ముందు చక్రాల క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వంగే కోణం, మార్చుకునే వీలు లేనందున స్ట్రట్ దగ్గర వేసే క్యాంబర్ బోల్టులకు జేసీ రోడ్‌లో చెప్పి పెట్టాను. అవి రాగానే రెండువైపులా సమానంగా, చక్రం పైభాగం లోపలికి వంగేలా నెగెటివ్ క్యాంబర్ ఇచ్చి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నాకు తెచ్చి, మళ్లీ ఇరుంగాట్టుకోట్టై వెళ్లి సుద్దగీతలు ఎక్కడిదాకా చెరుగుతాయో చూడాలి. ఇంజన్‌కు మాత్రం అప్పటికి కూడా ఆయిల్, ఫిల్టర్ మార్పు తప్ప మరేమీ చేయను.