అంత సన్నటి మనిషికా?

రాత్రి పన్నెండున్నర. ఆయన గురక మొదలై గంటయింది. పడుకుంటే ఛాతీలో మంట, లేచి కూర్చుంటే బుర్రలో మంట. ఎలాగూ నిద్ర పట్టేలా లేదు, టైపు చేసుకుంటే పోలా అని లేచొచ్చాను.

మంచి వార్త ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత మర్చిపోతాను. పొద్దున బరువు 94.6. పోయినసారి ఇక్కడ ఏడుపు మొదలెట్టినప్పుడు 99. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. మంచి వార్త అయిపోయింది.

ఇక అసలు సంగతి. చిన్నది పోరగా పోరగా ఇవాళ ఆ బరువు ఆపరేషన్ ఆసుపత్రికి వెళ్లొచ్చాను. ఊరికే కనుక్కోవడానికే. ముందే చెబుతున్నా, చేయించుకోను. పదంటే పదిసార్లు చెప్పాను దానికి.

అక్కడ బరువు చూసే మెషిన్ నడవా మధ్యలో పెట్టారు. ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో! పైగా అంకెను గట్టిగా చదివి పక్కామెతో రాయించారు. క్యూలో ఉన్న ఏడుగురూ విన్నారు. తర్వాత ఒక కౌన్సెలర్ పిల్ల లోపలికి పిలిచింది. ఎత్తుకి బరువెంతో చెప్పే లెక్క, బీఎంఐ, 37.9 అని కాగితం మీద రాసి చుట్టూ గుండ్రంగా గీసింది. బరువుతో వచ్చే జబ్బులు తోడుంటే 32.5 దాటితే చాలట మన ఆసియా వాళ్లకి, కొందరికైతే 27.5 దగ్గరే ఆలోచిస్తారట. అంటే నేను బోర్డర్లో లేను, ఎప్పుడో లోపలికి వచ్చేశానన్నమాట.

నా ఫైలు వెనక అట్ట మీద నీలం పెన్నుతో వరసగా మూడు పొట్టలు గీసింది. మొదటిది స్లీవ్: జీర్ణాశయంలో ముప్పావు వంతు పైనే కోసి తీసేస్తారు, అరటిపండు ఆకారంలో గొట్టంలా మిగులుతుంది. కోసేసే భాగాన్ని అడ్డగీతలతో నింపింది. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనేనట. "అది మళ్లీ రాదు మేడమ్" అంది, ఏదో పీడ వదిలినట్టు. రెండోది బైపాస్: పైన 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, చిన్నపేగును కింది నుంచి తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది మిగతా పొట్టనీ పేగు మొదటి భాగాన్నీ తాకకుండా పోతుంది. మూడోది బెలూన్: కోత లేకుండా నోట్లోంచి దింపి లోపల ఉబ్బిస్తారు, ఆరు నెలలకి తీసేస్తారు. పొట్ట పైభాగానికి బిగించే బ్యాండ్ కూడా ఉంది కానీ ఇప్పుడు పెద్దగా ఎవరూ వేయడం లేదంది. కర్టెన్ల రంగు ఎంచుకోమన్నంత తేలిగ్గా చెప్పుకుపోయింది.

అంతవరకూ బాగానే విన్నాను. చివర్లో అంది కదా, "మీలాంటివాళ్లకి ఇది వరం మేడమ్. బరువు తగ్గితే కొలెస్ట్రాల్ దానంతటదే దిగిపోతుంది, ఇక మాత్రలతో పనే ఉండదు."

మీలాంటివాళ్లట! ఆ ముక్క పట్టుకుని సాయంత్రం దాకా లోపల్లోపల కాలుతూనే ఉన్నాను. ఆటోలో దానికి మూడు సమాధానాలు తయారు చేసుకున్నాను, ఒకదాన్ని మించి ఒకటి పదునుగా. ఇల్లు చేరేసరికి ఆ పిల్లతో మనసులోనే పూర్తిస్థాయి యుద్ధం గెలిచేశాను. ఆ కుర్చీ సంగతి చెప్పనేలేదు, చేతులున్న కుర్చీ. లావు మనుషులే వచ్చే చోట చేతులున్న కుర్చీ వేసినవాళ్లకి ఓ దండం. లేచినప్పుడు అదీ నాతోపాటే కాస్త లేచింది.

సరే, నిజం చెప్పాలి. ఇంత కోపం కుర్చీ మీదా కాదు, ఆ పిల్ల మీదా కాదు. అది అన్న మాట మూడు నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నదే. ఎలాగూ బరువు తగ్గుతా, లేదంటే ఆపరేషన్ ఉండనే ఉంది, ఇంకా ఈ బిళ్ల ఎందుకు అని. పిక్కలు లాగుతున్నాయని వంక ఒకటి దొరికింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ కొలెస్ట్రాల్ బిళ్ల, స్టాటిన్, మానేశాను. మీకూ చెప్పలేదు, అవును.

ఆ ఆసుపత్రి నుంచి మన పాత డాక్టర్ దగ్గరికి వెళ్లాను, రిపోర్టు చూపించడానికి. ఆయన కాగితం చూసి తలెత్తకుండానే అడిగారు, "మాత్ర ఎప్పుడు మానేశారమ్మా?" మానేశారా అని కాదు, ఎప్పుడు అని.

మొత్తం కొలెస్ట్రాల్ 298. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 41. రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 190. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 219. మాత్ర వేసుకుంటున్నప్పుడు అది 122. ఇందాక కూర్చుని పెన్నుతో లెక్క కట్టాను కూడా. ఎల్‌డీఎల్‌ని చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరట, లెక్క కట్టి తీస్తారట. ట్రైగ్లిజరైడ్లని అయిదుతో భాగిస్తే 38. 298లోంచి 41 తీసి, 38 తీస్తే 219. ఎక్కడైనా కూడిక తప్పిందేమోనని ఆశగా మళ్లీ చేశాను. తప్పలేదు.

ఎల్‌డీఎల్ 190 దాటితే ఇంట్లోవాళ్ల చరిత్ర అడగాలట. "మీ వాళ్లలో మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు గుండెపోటు వచ్చిందా?" అన్నారు. నాన్నకి 47లో అని చెప్పాను. ఆయన కాసేపు రాయడం ఆపి, "కళ్ల దగ్గర పసుపుపచ్చ మచ్చలేమైనా ఉండేవా?" అన్నారు.

ఉండేవి.

రెండు కళ్లకీ ముక్కువైపు మూలల్లో, పై రెప్పల మీద, కందిగింజంత. మెత్తగా ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం నాన్న పడుకుంటే నేను పక్కన చేరి వేలితో నొక్కి చూసేదాన్ని. ఏంటి నాన్నా ఇవి అంటే కళ్లు తెరవకుండానే "పుప్పొడమ్మా, నిద్రలో రాలింది" అనేవాడు. నేను నమ్మాను. చాలా ఏళ్లు నమ్మాను. తమ్ముడికి కూడా చెప్పాను, వాడు తన రెప్పలు అద్దంలో చూసుకుని నాకెందుకు రాలలేదని ఏడ్చాడు.

నాన్న వెదురుబద్దలా ఉండేవాడు. బెల్టుకి మేకుతో ఇంకో రెండు కన్నాలు పొడుచుకునేవాడు. పోయిన రోజు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "అంత సన్నటి మనిషికి గుండెపోటేంటి?" లావుగా ఉండుంటే సరే అనుకునేవాళ్లేమో. అమ్మ ఆ మాటని ఇంకో రకంగా పట్టుకుంది. సన్నగా ఉండబట్టే పోయాడనుకుంది. నాకప్పుడు పద్నాలుగు, పుల్లలా ఉండేదాన్ని. ఆ రోజు నుంచి నా కంచం దగ్గరే కూర్చునేది. "కాస్త ఒళ్లు చేస్తేనే గుండెకి బలం" అంటూ మరో గరిటె వేసేది. ముద్ద మింగేదాకా చూసేది. వద్దంటే ఏమీ అనేది కాదు, కళ్లల్లో నీళ్లు పెట్టుకునేది. ఆ నీళ్లకన్నా ఆ ముద్దే నయమనిపించేది. 94.6లో అమ్మ భయం ఎన్ని కిలోలో ఏ మెషిన్ మీద చూసుకోవాలి?

కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒంట్లోనే తయారవుతుంది, అందులో కాలేయానిది పెద్ద వాటా అన్నారు డాక్టర్. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లోపలికి లాగే తలుపులు కూడా కాలేయానికే ఎక్కువట. కొందరికి ఆ తలుపులు పుట్టుకతోనే తక్కువ. సుమారు 250 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలు ఒక్కొక్కరికీ సగం అవకాశం. లావుకీ దానికీ సంబంధం లేదు. నాకు అదేనని ఖాయంగా చెప్పలేదు, మచ్చలు మామూలువాళ్లకీ వస్తాయన్నారు. మాత్ర మాత్రం ఈ రాత్రే మొదలెట్టమన్నారు, మోతాదు తగ్గించి ఇంకోదాన్ని జతచేసి. పిక్కల నొప్పి సంగతి అప్పుడే చెప్పుంటే అప్పుడే మార్చేవాణ్ణి కదా అన్నారు. నిజమే కదా. నోరుంది దేనికి?

ఇందాక ఆపరేషన్ల గురించి చదువుతుంటే ఒక విషయం భలే అనిపించింది. అమెరికాలో హెన్రీ బుక్వాల్డ్ అనే సర్జన్ 1963లో కొలెస్ట్రాల్ కోసమే ఒక ఆపరేషన్ చేశాడు. బరువు కోసం కాదు. చిన్నపేగు చివరి భాగాన్ని పక్కకి తప్పించాడు. కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసపు ఆమ్లాలు చేస్తుంది, వాటిని మళ్లీ పీల్చి వెనక్కి పంపేది పేగులో ఆ చివరి భాగమే. అది లేకపోతే అవి బయటికి పోతాయి, కాలేయం మళ్లీ చేసుకోవడానికి రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాలి. గుండెపోటు వచ్చి బతికిన 838 మందితో పెద్ద పరీక్ష పెట్టి 1990లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ అయినవాళ్లలో ఎల్‌డీఎల్ మిగతావాళ్లకన్నా 38 శాతం తక్కువ. ఈలోగా 1987లోనే మొదటి స్టాటిన్ బజారులోకి వచ్చేసింది. పొట్ట కోసి పేగు తిప్పితే జరిగిన పనిని నేను మూడు నెలలు డ్రాయర్లో పడేసిన చిన్న బిళ్ల చేస్తోందన్నమాట.

ఇంకొంచెం చదివాక ఆ కౌన్సెలర్ పిల్ల మీద జాలేసింది. పూర్తిగా అబద్ధమేం చెప్పలేదు. స్లీవ్‌తో ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి, హెచ్‌డీఎల్ పెరుగుతుంది, ఎల్‌డీఎల్ మాత్రం పెద్దగా కదలదు. బైపాస్‌లో అదీ తగ్గుతుంది. స్లీవ్‌తో గుండెల్లో మంట పెరగొచ్చట కూడా, అది నాకు రాత్రీ పగలూ ఉండనే ఉంది. కాబట్టి ఒకవేళ చేయించుకుంటే బైపాసే. చూశారా, చేయించుకోనని మొదట్లో పదిసార్లు అన్నదాన్నే. మోకాళ్ల కోసమైనా ఆలోచించాలి. మాత్రలతో పనే ఉండదన్న మాట మాత్రం నవ్వు తెప్పించింది: బైపాస్ తర్వాత బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలట. ఒక బిళ్ల బరువైందని నాలుగు నెత్తినెత్తుకోవడం. పైగా వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లొస్తాయని కొన్నాళ్లు దానికో మాత్ర.

వేసుకున్నాను, ఇందాకే. స్ట్రిప్ మీద దుమ్ము ఉంది.

తర్వాత తమ్ముడికి మెసేజ్ పెట్టాను. డాక్టర్ అడగమన్నారు, వాడూ కొలెస్ట్రాల్ చూపించుకోవాలి, పిల్లలకీ చూపించాలి. వీడు పన్నెండున్నరకి కూడా ఆన్‌లైన్లోనే ఉన్నాడు.

"నాకెందుకక్కా? సన్నగానే ఉన్నాగా" అని రాశాడు. పక్కన నవ్వు బొమ్మ.

ఫోన్ చేస్తున్నా. రెండో రింగు వెళ్తోంది.