పూజ పీట అంచులు

ఆదివారం కదా అని తొందరగానే లేచి, బెంగళూరు పీణ్యలో మేం కొందరం కలిసి వాడుకునే వర్క్‌షాప్‌కి వెళ్లాను. అమ్మ పూజకి పీట చేస్తున్నాను. మైసూరు రోడ్డు టింబర్ యార్డుల్లో తెచ్చిన టేకు. ఇవాళ అంచులు గుండ్రంగా తీయాలి. వైరు లేని 18 వోల్టుల ట్రిమ్ రౌటర్ (చెక్క అంచులు చెక్కే చిన్న మెషీన్) ఖాళీగానే ఉంది గానీ, దాని బిట్, అంటే గిర్రున తిరుగుతూ చెక్కని కోసే ముక్క, బిగించే స్పానర్లలో ఒకటి డబ్బాలో లేదు. మెషీన్‌ని అందరూ భద్రంగా చూస్తారు. పోయేవల్లా స్పానర్లు, బిట్ కాడని పట్టి ఉంచే కోలెట్లు, బిట్ చివరుండే బేరింగులే. కాసేపు వెతికితే ఎవరి ఏప్రన్ జేబులోనో దొరికింది. ఎవరిదో రాయనులే.

బ్యాటరీ తీసి పక్కన పెట్టాకే బిట్ ముట్టుకున్నాను. పావు అంగుళం కాడను కోలెట్‌లో అడుగు తగిలేదాకా దించి, రెండు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి. బిగించేటప్పుడు కోలెట్ బిట్‌ని కాస్త లోపలికి లాక్కుంటుంది. కాడ అప్పటికే అడుగుకి ఆని ఉంటే పట్టు సరిగా కుదరదు. నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరిగేదాన్ని వదులుగా వదిలేస్తే ఇంకేమైనా ఉందా!

కొత్తగా చేరిన అనంతపురం అమ్మాయి పక్కనే నిలబడి చూస్తోంది.

"ఎటు నుంచి ఎటు నెట్టాలక్కా?"

"పీట చుట్టూ అప్రదక్షిణంగా."

"పూజ పీటకా!" అని ఒకటే నవ్వు.

ఏం చేస్తాం, పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లులా తిరుగుతుంది. దానికి ఎదురు నెడితేనే మెషీన్ అంచుని పట్టుకుని నిలకడగా నడుస్తుంది. అటే నెడితే చేతిలోంచి లాక్కుపోతుంది. ఫొటో ఫ్రేము లోపలి అంచైతే ప్రదక్షిణమే.

ముందు అడ్డ అంచులు తీశాం. అక్కడ మూల చిట్లినా, తర్వాత పొడుగు అంచు తీసేటప్పుడు ఆ చిట్లిన ముక్క పోతుంది. ఓ మూల దగ్గర ఆ అమ్మాయి చెయ్యి నెమ్మదించింది. "ఆగొద్దు, ఆగొద్దు!" అని అరిచాను. ఆగితే చెక్క నల్లగా కాలుతుంది, ఆ మరక శాండ్‌పేపర్‌కి ఓ పట్టాన లొంగదు.

మధ్యలో కరెంటు పోయింది. మాది బ్యాటరీ మెషీన్ కదా, పని ఆగలేదు. వైరే లేదు కాబట్టి, చెక్కని కదలకుండా పట్టే క్లాంపులకి అది చిక్కుకునే గొడవ కూడా లేదు. అయినా అల్మరా పలకలకి లోతు గాళ్లు తీయాలంటే మాత్రం నా ఓటు వైరున్న పెద్ద రౌటర్‌కే; దీని బ్యాటరీ అలాంటి పనికి ఇట్టే దిగిపోతుంది. నాలుగు అంచులూ అయ్యాక చేత్తో తడిమి చూశాను, ఒక్కచోట కూడా గుచ్చుకోలేదు. నూనె పట్టించడం వచ్చే వారం.